నటవంశ ప్రదీపము: ఎడ్విన్ బూత్

తండ్రితాతల పేరు మనుజునకు పుట్టుకతోనే సంక్రమించు ఆస్తి. కొందరి కది ధనమగును, కొందరి కది ఋణమగును. చెట్టు పేరు చెప్పి కాయ లమ్ముకొనువారు లోకమున పెక్కురు. తన వంశమునకు కలిగిన కీర్తిని నిలువబెట్టి, అదే వంశమునకు కలిగిన అపకీర్తిని తన నడవడిచేతనే కడిగికొన్నవారు మిక్కిలి అరుదు. అట్టివారిలో నొకడు 19వ శతాబ్దమున అమెరికా దేశమున వెలసిన మహానటుడు ఎడ్విన్ బూత్.

1885లో కడప మండలమందలి సురభి గ్రామమున మొదలై, తరతరములుగా నాటకమునే జీవనముగా గొన్న సురభి కుటుంబములను మన మెఱుగుదుము. అచ్చట తండ్రి హరిశ్చంద్రుడైన తల్లి చంద్రమతి, బిడ్డ లోహితాస్యుడు. ఇంటి బంధుత్వమే రంగస్థలముపైని బంధుత్వమగుచుండును. సముద్రముల కావల అట్టి నటకుటుంబమే బూత్ కుటుంబము. అయితే ఆ యింట రంగస్థలముపై ఆడిన విషాదమునకంటె ఇంటిలో జరిగిన విషాదమే అధికము.

వంశము - బాల్యము

ఎడ్విన్ తండ్రి జూనియస్ బ్రూటస్ బూత్ 1796లో లండను నగరమున జన్మించెను. 1817 నాటికే అచ్చటి కోవెంట్ గార్డెన్ నాటకశాలలో పేరు గడించి, ఆనాటి మేటినటుడగు ఎడ్మండ్ కీనుతో పోటీకి నిలిచెను. 1821లో అమెరికాకు వలసపోయి, మేరీలాండు రాష్ట్రమున బాల్టిమోరు నగరమునకు సుమారు 25 మైళ్ల దూరమున, బెలెయిర్ అను ఊరి చెంత కొంత భూమి సంపాదించి, కొయ్యదుంగల యింట కాపురము పెట్టెను. ఆయన శాకాహారి. తన పొలమున ఏ ప్రాణిని చంపరాదని కట్టడి చేసినవాడు. షేక్స్పియరు మహాకవి నాటకములలోని రాజులు, రాజద్రోహులు, పగబట్టినవారు, పిచ్చివారు ఆయన నటనలో జీవము తాల్చెడివారు. అమెరికాలో ఆయనకు సాటి విషాదనటుడు లేడని పేరు.

ఆయనకు పదిమంది సంతానము కలిగిరి. అందు ఆరుగురు మాత్రమే పెరిగి పెద్దవారైరి. ఎడ్విన్ 1833 నవంబరు 13వ తేదీన జన్మించెను. ఆ రాత్రియే అమెరికా ఆకాశమున చరిత్రప్రసిద్ధమైన ఉల్కావర్షము కురిసెను. నక్షత్రములు రాలిన రాత్రి పుట్టిన శిశువు గొప్పవాడగునని ఇంటివారు చెప్పుకొనిరట. మరి యైదేండ్లకు, 1838లో, అతని తమ్ముడు జాన్ విల్క్స్ జన్మించెను. అన్నదమ్ము లిరువురును చక్కని రూపసులు. కాని అన్న మితభాషి, విచారశీలి. తమ్ముడు ఉద్రేకస్వభావుడు, గారాబముగా పెరిగినవాడు.

తండ్రి నీడలో

తండ్రి ఎంతటి నటుడో అంతటి వ్యసనపరుడు. మద్యపానమునకు లోబడి, ఒక్కొక్కప్పుడు మతి తప్పినవానివలె ప్రవర్తించెడివాడు. నాటకశాల కిక్కిరిసి యుండగా వేషగాడు కానరాక నాటకము నిలిచిపోవుట పలుమారు జరిగినది. ఆయనను కనిపెట్టి యుండుటకు ఇంటివా రెవరో యొకరు వెంట నుండవలసి వచ్చెను. ఆ భారము ఎడ్విన్ మీద పడినది. ఇంచుమించు పదునాలుగేండ్ల ప్రాయము నాటికే అతడు బడి మానుకొని, తండ్రి వెంట ఊరూరు తిరుగ నారంభించెను. తండ్రికి దుస్తులు తొడుగుట, నాటకమైన పిదప పానశాలకు పోకుండ ఆపుట, పోయినచో రాత్రివేళ వీధుల వెంట వెదకి బసకు చేర్చుట అతని నిత్యకృత్యములు. ఆ బాలుడు క్రమముగా చదివిన చదువు స్వల్పము. అతనికి పాఠశాల తెరచాటు. ప్రతిరాత్రియు తండ్రి పలుకు సంభాషణములను వినుచు వినుచు షేక్స్పియరును ముఖస్థము చేసికొనెను.

1849 సెప్టెంబరు 10వ తేదీన బోస్టను నగరమున 'మూడవ రిచర్డు' నాటకమున ఒక చిన్న పాత్రతో అతడు తొలిసారి రంగస్థల మెక్కెను. 1851లో న్యూయార్కున ఒక సాయంకాలము తండ్రి తాను రాజాలనని మొండికెత్తి, తన బదులు కుమారుని పంపెను. పదునేడేండ్ల బాలుడు తండ్రికి కొలిచి కుట్టిన వదులు దుస్తులను తొడిగికొని, క్రూరుడగు రిచర్డు రాజు వేషమున నిలిచెను. నిరాశతో గొణిగిన ప్రేక్షకులే నాటకము ముగియునప్పటికి కరతాళధ్వనులు చేసిరి.

దేశాటనము

1852లో తండ్రి, పెద్దయన్న జూనియస్, ఎడ్విన్ బంగారుగనుల కాలిఫోర్నియాకు పోయిరి. తండ్రి కొలది కాలమునకే తిరుగు ప్రయాణమై, దారిలో మిసిసిపీ నదిపై పొగయోడలో జ్వరపడి, అయినవారెవరును చెంతలేక, 1852 నవంబరు 30వ తేదీన మరణించెను. ఆ వార్త ఎడ్విన్‌కు గనుల పల్లెలలో నాటకము లాడుచుండగా తెలిసెను. మంచు కప్పిన కొండదారిని అనేక మైళ్లు నడచి అతడు పట్టణము చేరెను. అన్నేండ్లు నీడవలె వెంటనుండి కాపాడిన తండ్రిని చివరి ప్రయాణమున ఒంటరిగా పోనిచ్చితినను బాధ అతనిని చిరకాలము వేధించెను. అంతకంటె విచారింపదగిన దేమనగా, తండ్రి వ్యసనము సయితము అతనికి వారసత్వముగా సంక్రమించెను.

1854లో లారా కీన్ అను నటీమణితో కలిసి అతడు ఆస్ట్రేలియాకు పోయెను. ఆ యాత్ర అంతగా ఫలింపలేదు. తిరిగివచ్చుచు హవాయి దీవులలోని హోనలూలు నగరమున, ఆ దీవుల ప్రభువగు నాలుగవ కమేహమేహ యెదుట 'మూడవ రిచర్డు' నాడెను. ఈ లారా కీన్ పేరును పాఠకులు గుర్తుంచుకొనవలెను. మరి పదునొకండేండ్లకు ఆమె యాడుచున్న నాటకమందిరముననే బూత్ వంశమునకు మహాపద వాటిల్లెను.

1856లో తూర్పు రాష్ట్రములకు మరలివచ్చి, 1857లో బోస్టనునందును న్యూయార్కునందును నటించి ఎడ్విన్ ప్రథమశ్రేణి నటుడయ్యెను. అంతకుముందు విషాదనటనమనగా కంచుకంఠముతో గర్జించుట, కాలు నేలకు తాటించుట. ఎడ్విన్ అట్లు చేయలేదు. తగ్గుస్వరమున, స్పష్టమైన ఉచ్చారణతో, కన్నులతోను ముఖముతోను మనసులోని మథనమును తెలియజేసెను. పాత్ర మాటలాడునట్లు కాక, పాత్ర ఆలోచించుచున్నట్లు ప్రేక్షకులకు తోచెడిది. 'హామ్లెట్' నాటకము అతని కీర్తికి శిఖరము. తండ్రిని పినతండ్రి విషమిడి చంపగా, పగతీర్చుకొనవలసిన కర్తవ్యమునకును తన సున్నితమైన మనసునకును నడుమ నలిగిపోవు రాకుమారుని కథ యది. తండ్రి మరణదుఃఖమును మోయుచున్న ఎడ్విన్‌కు ఆ పాత్ర అతికినట్లు మరి యెవ్వరికిని అతుకలేదు.

1860 జూలైలో మేరీ డెవ్లిన్ అను నటీమణిని అతడు పెండ్లియాడెను. ఆమె రంగస్థలమును విడచి గృహిణి యయ్యెను. 1861 డిసెంబరులో, వారు ఇంగ్లండులో నుండగా, కుమార్తె ఎడ్వీనా జన్మించెను. సుఖము స్వల్పకాలమే నిలిచెను. 1863 ఫిబ్రవరిలో మేరీ బోస్టను చెంత జబ్బుపడగా, ఎడ్విన్ న్యూయార్కున నటించుచు మద్యపు మైకమున నుండెను. వచ్చిన తంతివార్తలను విప్పి చూడలేదు. తుదకు విషయము తెలిసి పరుగెత్తునప్పటికి, ఫిబ్రవరి 21వ తేదీన ఆమె కన్నుమూసెను. ఆ దెబ్బతో అతడు మద్యమును విడచిపెట్టెను. తండ్రిని మ్రింగిన వ్యసనమును కుమారుడు జయించుటకు చెల్లించిన మూల్యమది.

ముగ్గురు సోదరులు

అప్పటికి అమెరికాలో అంతర్యుద్ధము జరుగుచుండెను. నీగ్రోల బానిసత్వమును నిలుపగోరి దక్షిణ రాష్ట్రములు విడిపోగా, దేశ సమైక్యమునకై అబ్రహాం లింకను అధ్యక్షుడు పోరాడుచుండెను. బూత్ గృహముననే ఈ చీలిక వచ్చినది. ఎడ్విన్ లింకను పక్షము. 1864లో ఆయనకే ఓటు వేసెను. అప్పటికే పేరొందిన నటుడగు జాన్ విల్క్స్ దక్షిణ పక్షము. ఇరువురును కలిసినప్పుడెల్ల వాదము పెరిగి కలహమగుచుండెను. 1864 తొలిమాసములలో వాషింగ్టను నగరమున ఎడ్విన్ ఆడిన నాటకములను లింకను అధ్యక్షుడు పలుమారు వచ్చి చూచెను.

1864 నవంబరు 25వ తేదీన న్యూయార్కునందలి వింటర్ గార్డెన్ నాటకశాలలో, షేక్స్పియరు విగ్రహ నిర్మాణనిధికై, ముగ్గురు సోదరులును కలిసి 'జూలియస్ సీజరు' నాటకమాడిరి. ఎడ్విన్ బ్రూటస్, జూనియస్ కేషియస్, జాన్ విల్క్స్ మార్క్ ఆంటొనీ. వారి తల్లి ప్రేక్షకులలో కూర్చుండి ముగ్గురు కొడుకుల వైభవమును ఒక్క వేదికపై చూచెను. ఆ రాత్రియే దక్షిణాది గూఢచారులు న్యూయార్కు హోటళ్లకు నిప్పుపెట్టిరి. నాటకశాల ప్రక్క హోటలులో మంటలు లేచి, జనము బెదరి లేవగా, ఎడ్విన్ వేదిక ముందునకు వచ్చి వారిని శాంతపరచెను. దేశాధిపతిని ప్రజాహితము పేర చంపువాని పాత్రను ఆనాడు అన్న ధరించెను. ఆ పాత్రను నిజజీవితమున తమ్ముడు ధరింపనున్నాడని ఎవ్వరెఱుగుదురు? ముగ్గురును కలిసి ఆడిన నాటకము అదియే మొదటిది, అదియే కడపటిది.

మరునాడు ఎడ్విన్ 'హామ్లెట్' నాటకము నారంభించి, 1865 మార్చి 22వ తేదీ వరకు నూరు రాత్రు లాడెను. షేక్స్పియరు విషాదనాటకము అమెరికాలో అట్లు వరుసగా నాడుట అంతకుముందు కనివిని యెఱుగరు.

పిడుగుపాటు

1865 ఏప్రిల్ 14వ తేదీ శుక్రవారము. ఎడ్విన్ బోస్టనులో నటించుచుండెను. ఆ రాత్రి అతడు ధరించిన పాత్ర, తాను చేసిన హత్యను దాచుకొని లోలోన కుమిలిపోవు ఒక పెద్దమనిషిది. అదే వేళ వాషింగ్టనులోని ఫోర్డు నాటకశాలలో లారా కీన్ నటించుచుండగా, ప్రేక్షకుడై వచ్చిన లింకను అధ్యక్షుని జాన్ విల్క్స్ బూత్ వెనుకనుండి తుపాకితో కాల్చెను. మరునాటి యుదయమున ఆ మహాత్ముడు మరణించెను. పారిపోయిన హంతకుడు ఏప్రిల్ 26వ తేదీన వర్జీనియాలో ఒక పొగాకు కొట్టమున సైనికుని గుండు తగిలి చచ్చెను.

ఒక్క రాత్రిలో బూత్ అను పేరు దేశమంతటికిని శాపమయ్యెను. జూనియస్‌ను, సోదరి ఏషియా భర్తను చెరసాలలో పెట్టిరి. ఎడ్విన్‌ను చెరపట్టలేదు కాని, బెదరింపు లేఖలు కుప్పలుగా వచ్చెను. వీధిలో పగటివేళ తలయెత్తి నడచుట కష్టమయ్యెను. తమ్ముని యెడ ప్రేమ యొకవైపు, తాను కోరి ఓటు వేసిన నాయకుని మరణదుఃఖ మొకవైపు, కుమిలిపోవు వృద్ధమాత యొకవైపు. అతడు తమ్ముని నేరమును సమర్థింపలేదు, ఇంటివారిని విడనాడలేదు. ప్రజలకొక బహిరంగలేఖ వ్రాసి తన దుఃఖమును తెలిపి, ఇక రంగస్థలమునకు రానని నిశ్చయించుకొనెను.

ఆ చీకటిలో అతనికి ఊరటనిచ్చిన సంగతి యొకటి కలదు. అంతకు కొలది కాలము క్రితము, న్యూజెర్సీలోని జెర్సీసిటీ రైలు స్టేషనులో, జనపు తాకిడికి ఒక యువకుడు కదలుచున్న బండికిని ప్లాటుఫారమునకును నడుమ జారిపడబోగా, ఎడ్విన్ అతని చొక్కాపట్టి పైకిలాగి రక్షించెను. ఆ యువకుడెవరో అప్పుడతనికి తెలియదు. అతడు అధ్యక్షుని పెద్దకుమారుడు రాబర్టు లింకను. పిదప ఒక మిత్రుని లేఖవలన ఈ సంగతి తెలిసెను. ఒక బూత్ తండ్రిని చంపెను. ఒక బూత్ కుమారుని బ్రతికించెను. కథలో వ్రాసిన నమ్మదగనిది ఈ కుటుంబమున నిజముగనే జరిగినది.

నటుడు నటింపక జీవించుటెట్లు? కుటుంబమును పోషింపవలసిన భారమును కలదు. 1866 జనవరి 3వ తేదీన అతడు మరల హామ్లెట్ వేషమున న్యూయార్కు వేదికపై నిలిచెను. ప్రజలేమి చేయుదురో యని మిత్రులు భయపడుచుండిరి. తెర లేచి అతడు కనబడగానే సభ యావత్తు లేచి నిలిచి జయధ్వానములు చేసెను. అతడు తలవంచి, కన్నీరు కార్చెను. తమ్ముని నేరము తమ్మునితోనే పోవునుగాక యని ఆ దేశప్రజలు తీర్పు చెప్పిరి. అయినను వాషింగ్టను నగరమున మాత్రము అతడు మరెన్నడును నటింపలేదు. ఇంట తమ్ముని పేరెత్తనిచ్చెడివాడు కాడు. 1869లో ఆండ్రూ జాన్సన్ అధ్యక్షుని వేడుకొని తమ్ముని అవశేషములను తెప్పించి, బాల్టిమోరులో తండ్రి సమాధి చెంత, పేరు చెక్కింపకయే పాతిపెట్టించెను. తమ్ముని నాటకదుస్తుల పెట్టె నొకదానిని ఒక అర్ధరాత్రి తన నాటకశాల కొలిమిలో దుస్తు వెంబడి దుస్తుగా దహింపజేసెనని చెప్పుదురు. వానిలో తండ్రి ధరించిన వస్త్రములును కలవట.

నాటకశాల నిర్మాణము

1867 మార్చిలో వింటర్ గార్డెన్ కాలిపోయి, అతని దుస్తులు, తెరలు సర్వము బూడిదయ్యెను. అంతట ఎడ్విన్ న్యూయార్కున 23వ వీధియందు తన పేరిట ఒక నాటకశాలను నిర్మింపబూనెను. 1869 ఫిబ్రవరి 3వ తేదీన అది 'రోమియో జూలియెట్' నాటకముతో తెరువబడెను. రాతికట్టడము, సుమారు 1,750 మందికి ఆసనములు. రంగాలంకారములను నేలక్రిందినుండి నీటి యంత్రములచే పైకి లేపు ఏర్పాటు గలదు. వ్యయము పది లక్షల డాలర్లకు మించెను. ఇతరులు మార్చి కత్తిరించిన పాఠములను త్రోసివేసి, షేక్స్పియరు వ్రాసిన పాఠమునే వేదికపైకి మరల తెచ్చుట అతని ఆశయము. ఆ మొదటి నాటకమున జూలియెట్ పాత్ర ధరించిన మేరీ మెక్‌వికర్‌ను ఆ యేడే పెండ్లియాడెను.

కళ ఫలించెను గాని లెక్క కుదరలేదు. ఎడ్విన్ వ్యాపారి కాడు. 1873లో దేశమున ధనసంక్షోభము వచ్చెను. గోరుచుట్టుపై రోకటిపోటువలె, రెండవ భార్యకు 1870లో పుట్టిన కుమారుడు కొలది గంటలలోనే పోగా, ఆమెకు క్రమముగా మతి చలించెను. 1874లో ఎడ్విన్ దివాలా తీసెను. నాటకశాల చేయిజారిపోయెను, 1883లో దానిని పడగొట్టిరి. అతడు మాత్రము కృంగిపోలేదు. మూట కట్టుకొని ఊరూరు తిరిగి నటించి, కొలది సంవత్సరములలో అప్పులు తీర్చివైచెను.

1879 ఏప్రిల్ 23వ తేదీన చికాగో నగరమున అతడు రెండవ రిచర్డు వేషమున నుండగా, ఒక ఉన్మాది ప్రేక్షకులలోనుండి రెండుమారులు తుపాకి పేల్చెను. గుండ్లు తప్పిపోయెను. ఎడ్విన్ వేదిక ముందునకు నడచివచ్చి, కాల్చినవానిని చేతితో చూపించి, వాని కపకారము చేయవలదని చెప్పి, కొంత తడవునకు నాటకమును సాగించెను. నాటకశాలలో తుపాకి మ్రోతకు అతని హృదయమున ఏ జ్ఞాపకములు మెదలినవో ఊహింపవచ్చును.

1881లో లండనున, ఇంగ్లీషు రంగస్థలమునకు నాయకుడగు హెన్రీ ఇర్వింగుతో కలిసి 'ఒథెల్లో' నాడెను. ఒకరు ఒథెల్లో, ఒకరు ఇయాగోగా, పాత్రలు మార్చుకొనుచు ఇరువురును నటించిరి. తండ్రి విడచివచ్చిన నగరమున కుమారుడు గౌరవము పొందెను. ఆ యేటి నవంబరులో రెండవ భార్య మరణించెను. 1883లో జర్మనీలో అతడు ఇంగ్లీషునను, తోడినటులు జర్మనునను పలుకుచు ఆడిన నాటకములకు విశేషాదరము లభించెను.

చివరి కానుక

ఆ కాలమున నటులనిన పెద్దమనుషుల సమాజమున చిన్నచూపు. 1870లో న్యూయార్కున ఒక వృద్ధనటుడు చనిపోగా, నటుడను కారణమున ఒక దేవాలయపు గురువు అంత్యక్రియలు జరుప నిరాకరించెను; ప్రక్కవీధిలోని చిన్న దేవాలయము వారు జరిపించిరి. ఈ అవమానమును తొలగించుట యెట్లని ఎడ్విన్ చిరకాల మాలోచించెను. నటుడు నటులతోనే కాక, పండితులతో, రచయితలతో, చిత్రకారులతో కలిసి మెలగినగాని అతని బుద్ధి వికసింపదనియు, లోకము అతనిని గౌరవింపదనియు అతని నమ్మకము. బడిచదువు చాలని కొరత అతనిని జీవితమంతయు బాధించినది. అందుచే 1888లో న్యూయార్కున గ్రామర్సీ పార్కు చెంత నొక పెద్ద భవనమును కొని, బాగుచేయించి, 'ప్లేయర్స్' అను నటుల సంఘమును స్థాపించి, ఆ సంవత్సరపు కడపటి రాత్రి ఆ భవనమును దానికి ధారపోసెను. ప్రఖ్యాత రచయిత మార్క్ ట్వేను, అంతర్యుద్ధ సేనాని షెర్మను స్థాపకసభ్యులలో నుండిరి. తాను జీవితమంతయు కూర్చుకొన్న పుస్తకములను, చిత్రపటములను, నాటకవస్తువులను అతడు ఆ సంఘమునకే ఇచ్చివైచెను. నాటకకళకు సంబంధించిన గ్రంథాలయ మొకటి నెలకొల్పుట సంఘోద్దేశములలో ముఖ్యమైనది. తనకొరకు మేడపై నివాసము మాత్రము ఉంచుకొనెను.

1890లో ఒథెల్లో పాత్రలోని కొంత భాగమును మైనపుగొట్టముపై పలికి ముద్రింపజేసెను. గరగరలాడుచున్నను ఆ కంఠము నేటికిని నిలిచియున్నది. 1891 ఏప్రిల్ 4వ తేదీన బ్రూక్లినులో హామ్లెట్‌గా చివరిసారి నటించెను. 1893 జూన్ 7వ తేదీన, గ్రామర్సీ పార్కు భవనపు మేడగదిలో, ఏబది తొమ్మిదవ యేట కన్నుమూసెను. నటుని శవమును నిరాకరింపని ఆ చిన్న దేవాలయముననే జూన్ 9వ తేదీన అతని అంత్యక్రియలు జరిగెను. అదే దినమున వాషింగ్టనులో, అప్పటికి ప్రభుత్వపు కచేరీగా మారియున్న ఫోర్డు నాటకశాల లోపలి అంతస్తులు కూలి 22 మంది గుమాస్తాలు మరణించిరి. కేంబ్రిడ్జి పట్టణపు మౌంట్ ఆబర్న్ శ్మశానమున, తొలి భార్య మేరీ ప్రక్కన అతడు విశ్రమించెను. 1918లో గ్రామర్సీ పార్కున హామ్లెట్ వేషముతో అతని శిలావేదికపై విగ్రహము నిలిపిరి.

ఎడ్విన్ బూత్ జీవితమును చదివినవారికి ఒక ప్రశ్న కలుగక మానదు. తోబుట్టువు చేసిన పాపమునకు మనుజుడెంతవరకు బాధ్యుడు? అతడు దీనిని వాదించి తీర్చుకొనలేదు, పేరు మార్చుకొని దాగలేదు. బూత్ అను పేరుతోనే నిలిచి, ముప్పదియేండ్లకు దగ్గరగా ఆ పేరునకు మంచిపని చేర్చుచు పోయెను. పది లక్షల డాలర్లతో కట్టిన నాటకశాల పదునాలుగేండ్లకే నేలమట్టమయ్యెను. అతడు నటించిన వేలకొలది రాత్రులు చూచినవారితోనే మాసిపోయెను. బడికి పోని కొరతను తలచుకొని ఇతరులకొరకు అతడు విడచిపోయిన పుస్తకములు మాత్రము ఒక శతాబ్దమునకు పైగా పాఠకులకు ఉపకరించినవి. మన గ్రంథాలయము రజతోత్సవము జరుపుకొను ఈ శుభసమయమున ఆ దాతను కూడ స్మరించుట మనకు తగును. చదువు అందనివాడు చదువునకు నీడనిచ్చిన యిల్లు చిరకాలము నిలుచునని అతని చరిత్రము మనకు తెలుపుచున్నది.